డాక్టర్ బర్రెయిరో గారిని తగలబెట్టించే కార్యక్రమం

డిసెంబరు పదకొండున జాతీయ పురోగమన పార్టీ కేంద్ర కార్యాలయం పత్రికలకి ఒక ప్రకటన విడుదల చేసింది.

"నాలుగుసార్లు దేశాధ్యక్ష పదవిని అలంకరించిన మహానాయకుడు డాక్టర్ తెయోదూలో బర్రెయిరో గారిని ఈ ఏడాది చివర కూడా ప్రజలు యథావిధిగా, స్వచ్ఛందంగా, పూర్తి కసితో తగలబెడతారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఏర్పాట్లు జరుగుతున్నాయి."

అది చదివి నేను చాలా ముచ్చటపడ్డాను. మామూలు నాయకులు జనం తమని తగలబెడతారేమోనని భయపడతారు. తగలబెట్టరేమోనని భయపడే స్థాయికి రావాలంటే యాభై ఏళ్ళ ప్రజాజీవితం కావాలి.

మా సెరేనో రేవులో డిసెంబరు ముప్పై ఒకటిన ప్రతి ఇంటి ముందూ ఒక ముసలోడు కాలతాడు. ముసలోడంటే అయిపోతున్న ఏడాది. పాత బట్టల్లో రంపపు పొట్టు కూరి, కాగితపు గుజ్జుతో తల చేసి, ఆ ఏడాది మనల్ని ఎవరు ఎక్కువ ఏడిపించారో వాళ్ళ మొహం దానికి పెడతాం. కాల్చేముందు ముసలోడి వీలునామా పైకి చదువుతాం. "నా పొట్ట పోలీసు కమిషనర్‌కి, నా నాలుక ఆర్థికమంత్రికి" అంటూ. మగాళ్ళు నల్లగౌన్లు తొడుక్కుని, మేం ముసలోడి పెళ్ళాలం, విధవలమయ్యాం బాబూ అని కార్లకి అడ్డంగా తాడు పట్టుకుని చిల్లర అడుగుతారు. మా దేశంలో రిగ్గింగ్ లేకుండా జరిగే ఎన్నికలు ఇవొక్కటే.

ఈ ఎన్నికల్లో డాక్టర్ గారికి తిరుగులేదు. రెండో రకం ఎన్నికల సంగతంటారా, అధ్యక్షుడైన నాలుగుసార్లలో రెండుసార్లు గెలిచారు, ఒకసారి ఓడిపోయారు, ఒకసారి ఎన్నికలే పెట్టలేదు. నది మీద వంతెనని మూడుసార్లు ప్రారంభించారు. అది ఇప్పటికీ సగం దూరం వెళ్ళి నీళ్ళ మీద నిలబడి ఆలోచిస్తోంది. రైళ్ళు అమ్మేశారు. రైళ్ళు లేకుండా పట్టాలెందుకని మరుసటేడు పట్టాలూ అమ్మేశారు. అంత దూరదృష్టి. ప్రతి జనవరి ఒకటిన ఆయన మనుషులు సైకిళ్ళ మీద ఊరంతా తిరిగి, బూడిదకుప్పలు చూసి, వాటిలో డాక్టర్ గారెన్నో లెక్కరాసుకొచ్చేవాళ్ళు. వంతెన మూడోసారి ప్రారంభించిన ఏడాది నాలుగువేల నూటపన్నెండు వచ్చాయి. ఆ రికార్డు ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

పోయినేడాది పదకొండు. అందులో తొమ్మిది పార్టీవాళ్ళు కాల్చినవి. ఒకటి పొరపాటున అంటుకుంది.

ఈ ఏడాది డిసెంబరు పదో తారీఖుకి ఆర్డర్లు సున్నా.

ఈ అంకెలన్నీ నాకెలా తెలుసంటే, మా ఎనెదీనా పిన్నికి లిసార్దో వీధిలో ముసలోళ్ళ కార్ఖానా ఉంది. నేను కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివాను, కాబట్టి అక్కడ జిగురు కలుపుతాను. వీధంతా నన్ను "ఇంజనీరమ్మా" అని పిలుస్తుంది. మా దగ్గర డిగ్రీకి ఉద్యోగం రాకపోయినా పిలుపు మాత్రం ఖాయంగా వస్తుంది.

ప్రకటన వచ్చిన మర్నాడే డాక్టర్ గారి ఆంతరంగిక కార్యదర్శి వినీసియో గారు కార్ఖానాకి దయచేశారు. ఆ ఎండలో కోటు. చంకలో ఫైలు. ఆరబెట్టిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళనీ, నీలంరంగు గ్రహాంతరవాసుల్నీ దాటుకుంటూ, ఎవరికీ తగలకుండా లోపలికొచ్చారు.

"ఎనెదీనా గారూ! ఎన్నాళ్ళయింది! మీరేం మారలేదండీ!"

"మారాను. మోకాళ్ళు పోయాయి. కూర్చోండి, అది కాదు, దాని మీద పెయింటు ఆరలేదు."

ఆయన నిలబడే విషయానికొచ్చారు. "మూడొందల మంది డాక్టర్లు కావాలి."

"మూడొందలా! ఎవరు కాలుస్తారు?"

"ప్రజలు."

"ఏ ప్రజలు?"

"అది మేం చూసుకుంటామమ్మా. ఆరు బస్సులు మాట్లాడాం."

డాక్టర్ గారి మొహం అచ్చు వీధి మొత్తం మీద పిన్ని దగ్గరే మిగిలింది. మిగతావాళ్ళు గిరాకీ లేదని ఎప్పుడో పగలగొట్టేశారు. పిన్ని మాత్రం పాతగుడ్డ చుట్టి మంచం కింద దాచింది. ఎందుకే అని మా అమ్మ అడిగితే, ఉండనీ, వాడితో పనుంది అనేది.

"చేస్తాను," అంది పిన్ని. "డబ్బులొద్దు."

వినీసియో గారు చలించిపోయారు. "దేశభక్తి అంటే..."

"డబ్బులొద్దు, వీలునామాలో ఒక వాక్యం పెట్టాలి. 'రేవు గేటు దగ్గర కాల్చమని చెప్పింది నేనే.' అంతే. మొదట్లో పెడతారో చివర్లో పెడతారో మీ ఇష్టం."

వినీసియో గారి మొహం మీద నవ్వు అలాగే ఉంది. మనిషి మాత్రం దాని వెనకనుంచి వెళ్ళిపోయాడు.

ముప్పై ఆరేళ్ళ కిందట, డాక్టర్ గారి మూడో విడత పాలనలో, రేవు కూలీలు సమ్మె చేశారు. గేటు దగ్గర సైనికులు కాల్చారు. ఏడుగురు పోయారు. అందులో ఒకడు మా హసింతో మామయ్య, అమ్మకీ పిన్నికీ అన్న. ఇరవై నాలుగేళ్ళు. ఆయన కూలీ కాదు, సమ్మెలోనూ లేడు. ఆకలిగా ఉంటారని చేపచారు క్యాను పట్టుకెళ్ళాడు. దీనిమీద మూడు విచారణ సంఘాలు వేశారు. మూడూ చాలా శ్రమపడి ఒకే సంగతి తేల్చాయి: కాల్చమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. మా దగ్గర జనవరిలో వానలొచ్చినట్టు, జూన్‌లో తూటాలొచ్చాయి.

పిన్నికి పరిహారం ఇస్తామన్నారు, వద్దంది. మామయ్య పేరు ఒక సందుకి పెడతామన్నారు, అది కూడా ముందుకి దారిలేని సందు, వద్దంది. ఆ ఒక్క వాక్యం ఆయన నోట చెప్పించండి, చాలు అంది. మూడు సంఘాల ముందూ అదే మాట. మూడుసార్లూ మంచినీళ్ళు ఇచ్చి పంపారు.

"అమ్మాయ్," అన్నారు వినీసియో గారు నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "నువ్వు ఇంజనీరువి కదా. అచ్చు లేకుండా కంప్యూటర్‌లో డాక్టర్ గారి మొహం చెయ్యలేవూ?"

"చెయ్యొచ్చు సార్. గంట పని."

"మరి?"

"మా పిన్ని చంపేస్తుంది సార్. అది ఐదు నిమిషాల పని."

ఆ విధంగా స్వచ్ఛంద ఆగ్రహ సమన్వయ సంఘం ఏర్పడింది. పద్నాలుగో తారీఖున పార్టీ ఆఫీసులో, ఏసీ గదిలో సమావేశం. అధ్యక్షుడు, ఇద్దరు లాయర్లు, ఒక కవి, వినీసియో గారు. టైపు చెయ్యడానికి నేను. డాక్టర్ గారిని ప్రజలు ఏమని తిట్టాలో నిర్ణయించడం అజెండా. దేశంలో ఇంత క్రమశిక్షణతో సాగిన సమావేశం ఇంకోటి నేను చూడలేదు.

"'దొంగ' పెడదాం," అన్నాడు కవి.

"ఏ దొంగ?" అన్నాడు పెద్ద లాయరు. "వంతెన దొంగా, రైలు దొంగా? వంతెన మీద ఇంకా కేసు నడుస్తోంది. రైలు అని రాసుకోమ్మా."

"'ముసలి నక్క'?"

"బావుంది. అనుభవాన్ని సూచిస్తుంది."

"'అబద్ధాలకోరు'?"

అందరూ కాసేపు ఆలోచించారు. "మామూలుగా ఉంది," అన్నాడు అధ్యక్షుడు. "ఆ మాట ఎవర్నైనా అనొచ్చు. డాక్టర్ గారి స్థాయికి తగ్గట్టు ఉండాలి. 'మహా' అని కలపండి."

పదిహేడు తిట్లు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. పద్దెనిమిదోది పిన్ని వాక్యం. నేను చదివాను. అధ్యక్షుడు ఏసీ ఇంకాస్త పెంచమన్నాడు.

"అది తిట్టు కాదు," అన్నాడు చిన్న లాయరు చివరికి. "సమాచారం. మన పరిధిలోకి రాదు."

వాక్యం వాయిదా పడింది. పిన్ని అచ్చుని మళ్ళీ మంచం కింద పెట్టింది.

వినీసియో గారు ఊరుకునే మనిషి కాదు. పార్టీ గిడ్డంగిలో పోయినేడాది కాలకుండా మిగిలిన డాక్టర్ గారొకరు దొరికితే, దుమ్ము దులిపి తెచ్చి మా వీధి మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మార్కెట్ ఎలా ఉందో చూద్దామని. వచ్చేపోయే కుర్రాళ్ళని ఆపి అడగడం, ఫోన్లో నమోదు చెయ్యడం నా పని.

"తమ్ముడూ, ఈయనెవరో చెప్పు."

"ఎవరు? బ్రెడ్డు ప్యాకెట్టు మీద తాతా?"

"కాదు, సరిగ్గా చూడు."

"మా పళ్ళ డాక్టరు ఇలాగే ఉంటాడక్కా."

ఒకమ్మాయి ఫోటో తీసుకుంది. "ఎంత క్యూట్‌గా ఉన్నాడో! అమ్ముతారా? మా నానమ్మ ఒక్కతే ఉంటుంది, పక్కన కూర్చోబెడతా."

"ఇది తగలబెట్టడానికమ్మా."

"అయ్యో, పాపం! ఏం చేశాడని?"

వినీసియో గారు తట్టుకోలేక బొమ్మ మెళ్ళో పేరు రాసిన అట్ట కట్టారు. ఫలితం వెంటనే కనిపించింది. "ఆఁ, బర్రెయిరో! విమానాశ్రయం పేరు కదా!" అన్నాడు ఒకడు స్నేహితుడితో. "మరి పైలట్ అయ్యుంటాడ్రా." సాయంత్రానికి లెక్క తేలింది. అడిగినవాళ్ళలో నూటికి అరవై ఒక్కమంది డాక్టర్ గారు పైలట్ అన్నారు. పద్నాలుగుమంది ఆయన విమానం కూలి చనిపోయారని బాధపడ్డారు.

ఆ నివేదిక డాక్టర్ గారికి ఇవ్వకూడదని పార్టీ తీర్మానించింది. కాబట్టి అది గంటలో ఆయనకి చేరింది.

మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చారు. తెల్ల నార చొక్కా, వెండిపిడి కర్ర, ఎనభై తొమ్మిదేళ్ళు. నల్లకారు వీధిలో పట్టక దిగి నడిచొచ్చారు. దారిలో ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ రాయి కూడా వెయ్యలేదు. ఆ రెండో సంగతి ఆయన్ని ఎక్కువ బాధించినట్టుంది.

"పైలటా?" అన్నారు గుమ్మంలోనే. "నాకు విమానమంటే కళ్ళు తిరుగుతాయి."

పిన్ని బ్రష్షు కింద పెట్టింది. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి ఆయన్ని మూడడుగుల దూరంలో చూస్తోంది. నేను జిగురు గిన్నె పట్టుకుని, అరుస్తుందా, కొడుతుందా, ఏడుస్తుందా అని చూస్తున్నా.

"టిఫిన్ చేశారా?" అంది.

జున్ను పెట్టిన అరటికాయ ఉండ, బొలోన్ అంటాం, ఒకటి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. అచ్చు పగలకుండా మంచం కింద కాపాడినట్టే, మనిషిని కూడా పని అయ్యేదాకా కాపాడాలనుకుందేమో. డాక్టర్ గారు ఇష్టంగా తిన్నారు. తింటూ తన సేవలు గుర్తుచేశారు.

"వంతెన సగంలో ఆపాను కదమ్మా, దానికి ఎవరికీ కోపం లేదా?"

"ఇప్పుడు అక్కడ చేపలు బాగా పడుతున్నాయండీ," అన్నాను నేను. "ఆదివారం సీటు దొరకదు."

"రైళ్ళు?"

"రైలు ఎలా ఉంటుందో నేను చూళ్ళేదండీ."

"పత్రికలు మూయించాను. మూడు!"

"పత్రికలు ఇప్పుడెవరూ..." అని నేను నసిగాను. ఆయన అర్థం చేసుకున్నారు. పెద్దమనిషి.

పళ్ళెం పక్కన పెట్టి పిన్నిని అడిగారు. "నువ్వు చెప్పమ్మా. ఈ జనానికి ఏం చెబితే ఒళ్ళు మండుతుంది?"

పిన్ని జేబులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. వినీసియో గారు "డాక్టర్ గారూ, అది సంఘం వాయిదా వేసిన..." అంటుండగానే ఆయన చదివేశారు. రెండుసార్లు చదివారు.

"ఇది చదివితే తగలబెడతారంటావా?"

"మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు," అంది పిన్ని. "నేనైతే తగలబెడతా. నాది పూచీ."

డాక్టర్ గారు చాలాసేపు కర్ర పిడి నిమిరారు. మూడు విచారణ సంఘాల ముందు, దేవుడి మీద ప్రమాణం చేసి, కళ్ళార్పకుండా కాదన్న మనిషి. వినీసియో గారు ఆయన చెవిలో ఏదో చెప్పబోయారు.

"ఆగవయ్యా! ఒక్కరైనా కాలుస్తానంటున్నారు. మూడొందల బొమ్మలు ఆర్డరిచ్చి నువ్వు ఒక్కర్నైనా తెచ్చావా?"

పిన్ని ఆ రోజే అచ్చు బయటికి తీసింది. మూడొందలు చెయ్యలేదు. ఒక్కటే చేసింది. చెవి వెనక ముడతతో సహా.

ముప్పై ఒకటి సాయంత్రం ఐదింటికి మా వీధి చివర నగరపాలక సంస్థవారి ముసలోళ్ళ పోటీ. వేదిక, లౌడ్‌స్పీకర్లు, బీరు కంపెనీ గొడుగులు. ప్రతి ముసలోడి వీలునామా వాడి తరఫున ఎవరో ఒకరు గొంతు మార్చి చదువుతారు. డాక్టర్ గారి బొమ్మ వంతు రాగానే డాక్టర్ గారే కర్ర పట్టుకుని మెట్లెక్కారు. బొమ్మ పక్కన నిలబడ్డారు. ఒకటే చొక్కా, ఒకటే మొహం. జనం ఈలలు వేశారు. "అబ్బ, భలే మేకప్పు తాతా!" అని అరిచాడు నల్లగౌనులో ఉన్న ఒక విధవ, మీసం తిప్పుతూ.

పిన్ని వేదిక పక్కనే అగ్గిపెట్టెతో నిలబడింది. నేను ఫోన్లో రికార్డు చేస్తున్నా.

"నా సగం వంతెన," డాక్టర్ గారు మొదలుపెట్టారు, "చేపలకి రాసిచ్చేస్తున్నా." జనం నవ్వారు. "నా రైళ్ళు ఎవరికిద్దామన్నా లేవు. నా నాలుగు పదవీకాలాలూ నా పార్టీకి వదిలిపెడుతున్నా, మళ్ళీ వాడుకోవడానికి." గొడుగుల కింద కూర్చున్నవాళ్ళు కూడా లేచారు. ఎన్నాళ్ళకో చప్పట్లు విన్న మనిషి. గొంతులో పాత ఊపు వచ్చేసింది. అప్పుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చూడకుండా చెప్పారు.

"రేవు గేటు దగ్గర కాల్చమని చెప్పింది నేనే. ఫోన్లో చెప్పాను. భోజనానికి కూర్చున్నా, నిమ్మరసంలో ఊరేసిన రొయ్యలు ముందున్నాయి. వేడెక్కితే బావుండవు. తొందరగా గేటు ఖాళీ చేయించండి, ఎలాగైనా సరే అన్నాను. ఎలాగైనా అంటే ఎలా అని కర్నల్ అడిగాడు. నీకు తుపాకులెందుకిచ్చార్రా అన్నాను. ఏడుగురు పోయారని చెప్పేసరికి నేను కాఫీ తాగుతున్నా."

పిన్ని చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళ గుర్తులు రెండ్రోజులున్నాయి.

వీధంతా చప్పట్లు మోగాయి. అంత పెద్ద చప్పట్లు ఆ ఏడాది పోటీలో ఇంకెవరికీ పడలేదు.

"రొయ్యలు వేడెక్కుతాయంట్రా! ఎలా రాస్తార్రా బాబూ ఇవి!"

"నిజం!" అన్నారు డాక్టర్ గారు మైకులో. "నేను నిజంగా చెప్పాను!" జనం పడిపడి నవ్వారు. ఆయన కర్ర నేలకేసి కొట్టారు. "నేనే! డాక్టర్ తెయోదూలో బర్రెయిరోని!" మీసాల విధవ కళ్ళు తుడుచుకుంటూ, "చాలు తాతా, పొట్ట నొప్పెడుతోంది," అన్నాడు.

న్యాయనిర్ణేతలు ఐదు నిమిషాల్లో తేల్చేశారు. ఉత్తమ వీలునామా, కల్పనా విభాగం, ప్రథమ బహుమతి: డాక్టర్ బర్రెయిరో. మెళ్ళో పతకం వేశారు. బొమ్మని తగలబెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఇంత బాగా చదివినవాణ్ణి ఎలా కాలుస్తాం అన్నారు. జనం పిన్ని వైపు చూశారు. పిన్ని అగ్గిపెట్టె జేబులో వేసుకుంది.

"నాకిచ్చిన మాట?" అన్నారు డాక్టర్ గారు మెట్లు దిగుతూ.

"మీరు చెప్పారు, నేను విన్నాను. వీళ్ళు వినలేదు," అంది పిన్ని. "కాగితం మీద పెడదాం. తర్వాత కాలుస్తా."

వీడియో నేనే ఇంటర్నెట్లో పెట్టాను. రెండు రోజుల్లో తొమ్మిది లక్షలమంది చూశారు. మూడోరోజుకి ఎవరో దానికి డ్రమ్ములు తగిలించారు. "తుపాకులెందుకిచ్చార్రా" అన్న చోట పిల్లలు నడుం ఊపుతున్నారు. పార్టీ ఇంకో ప్రకటన ఇచ్చింది: మహానాయకుడిలోని హాస్యచతురతని జాతి ఆలస్యంగానైనా గుర్తించినందుకు గర్విస్తున్నాం.

డాక్టర్ గారికి జీవితంలో మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. "అబద్ధం చెప్పినప్పుడు మూడు సంఘాలు నమ్మాయి," అన్నారు కార్ఖానాలో కూర్చుని. "నా మాట కాదనడానికి వీళ్ళెవరు?"

జనవరి నాలుగున మేం ముగ్గురం పాత కేసుల కార్యాలయానికి వెళ్ళాం. టోకెన్ ఎనభై ఆరు. పిన్ని, డాక్టర్ గారు ఒకే బల్ల మీద పక్కపక్కన రెండున్నర గంటలు కూర్చున్నారు. వినీసియో గారు రాలేదు. ఆయన రాజీనామా చేసి, వీడియో తయారీ కంపెనీ పెట్టారని తర్వాత తెలిసింది.

"చెప్పండి తాతగారూ," అంది కౌంటర్లో ఆవిడ.

"నేరం ఒప్పుకోవాలమ్మా."

"కొత్తదా, పాతదా?"

"పాతది."

"పాతవి రెండో కిటికీ."

రెండో కిటికీకి వెళ్ళాం. అక్కడికీ ఆవిడే కుర్చీ జరుపుకుని వచ్చింది. డాక్టర్ గారి మొహం చూసి నోరు తెరిచింది. "రొయ్యల తాత! అయ్యబాబోయ్, మా పిల్లలకి మీది మొత్తం నోటికొచ్చు!" ఒక ఫోటో తీసుకున్నాక ఫైలు వెతికి తెచ్చింది. మర్యాదస్తురాలు.

"ఇందులో ఆర్డరు ఎవరూ ఇవ్వలేదని ఉంది సార్. లేని ఆర్డరు మీరెలా ఇచ్చారు?"

"ఆ ఫైలు నేనే రాయించానమ్మా. కింద సంతకం చూడు."

ఆవిడ చూసింది. "అవును, మీదే. ఎంత చక్కటి సంతకమో! సరే, ఇది తప్పు అని ఇంకో కాగితం రాసి సంతకం పెట్టండి. దీని స్థానంలో అది చేరుతుంది."

"అంతేనా?" అంది పిన్ని. ఆ మాట ముప్పై ఆరేళ్ళు లోపల దాచుకున్న మనిషి అన్నట్టు లేదు. బస్సు టికెట్టు అడిగినట్టుంది.

"అంతేనమ్మా."

డాక్టర్ గారు అక్కడే నిలబడి రెండు పేజీలు రాశారు. రొయ్యల సంగతి కూడా వదల్లేదు. సంతకం చేశారు. ఆవిడ భూతద్దం పెట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన చూసింది. తల అడ్డంగా ఊపింది.

"కలవట్లేదు సార్."

"ఏంటి కలవట్లేదు?"

"సంతకం. ఇది మీది కాదు."

"ఇప్పుడే నీ ఎదురుగా పెట్టాను కదే!"

"పెట్టింది మీరే సార్. కానీ మీది కాదు. కనీసం ఎనభై శాతం కలవాలి, రూలు."

"చెయ్యి వణుకుతుందమ్మా. ఎనభై తొమ్మిదేళ్ళు. ఎవడు పెట్టాడా రూలు?"

ఆవిడ వెనక్కి తిరక్కుండా వేలితో గోడమీద చట్రం చూపించింది. అందులోని ఉత్తర్వు కింద డాక్టర్ గారి పాత సంతకమే, గీత గీసినట్టు నిటారుగా ఉంది.

"ప్రాక్టీసు చేసి రండి," అంది జాలిగా. "ఎన్నిసార్లయినా రావొచ్చు. ఎనభై ఏడు!"

ఇప్పుడు మార్చి. కార్ఖానాలో ఈ నెలలో పనుండదు. రోజూ తొమ్మిదింటికి డాక్టర్ గారు సిటీబస్సులో వస్తారు. పార్టీ కారు తీసేసుకుంది. పిన్ని ఆయనకి చేపచారు పోస్తుంది, తాగాక గిన్నె తీసి గీతల కాగితం పెడుతుంది. పెన్సిలు ఆయన చేతిలో పెట్టి, పైనుంచి మణికట్టు పట్టుకుంటుంది.

"మొదటి అక్షరం పొట్ట చాలట్లేదు," అంటుంది. "అప్పట్లో ఇంత పెట్టేవారు."

"అప్పట్లో బాగా తినేవాణ్ణి."

"మాట్లాడకుండా రాయండి."

సంతకాలు పోల్చే ప్రోగ్రాం నేను రాశాను. చదివిన చదువు మొదటిసారి పనికొచ్చింది. జనవరిలో ముప్పై ఎనిమిది శాతం వచ్చేది. నిన్న నలభై. ఇవాళ నలభై ఒకటి. పిన్ని గోడమీద బొగ్గుతో అంకె మార్చి, వెనక్కి జరిగి, తల వంచి చూసుకుంది. ఇదే లెక్కన పోతే ఎనభైకి ఎప్పుడు చేరతామో కంప్యూటర్ తేదీతో సహా చూపించింది. తెర మూసేశాను. వాళ్ళకి చెప్పలేదు.

డాక్టర్ గారు వేళ్ళు విదిలించుకున్నారు. "ఇవాల్టికి చాలమ్మా. నొప్పెడుతోంది."

పిన్ని ఇంకో కాగితం పరిచింది.

"మళ్ళీ," అంది.